ఎకో పెట్టె వాయించలేదు

గత శుభ శుక్రవారం ఆరాధనలో మా గుడిలో వయొలిన్ వాయించినది మనిషి కాదనీ, ఒక పెట్టె అనీ అనకాపల్లిలో కొందరు చెప్పుకొంటున్నారు. బెల్లం మార్కెట్ గేటు దగ్గర ఒక పెద్దమనిషి ఆ మాట నా ముఖం మీదే అన్నాడు. మరొకాయన ఒక పెళ్ళి భోజనంలో, నేను ఎదుటి వరుసలో ఉన్నానని తెలిసి కూడా, దానికి నవ్వు జోడించి చెప్పాడు. ఆ రోజు అక్కడ లేనివారు ఇలా అంటే ఉపేక్షించి ఉండేవాణ్ణి. కాని అంటున్నది ముందు బెంచీలలో కూర్చొని కళ్ళారా చూసినవారు. ఈ అబద్ధం ఇంకొక ఏడాది నిలబడితే అదే మా సంఘ చరిత్ర అయిపోతుంది. అందుచేత జరిగినదానిని జరిగిన క్రమంలో వ్రాసిపెట్టడం నా విధి అనుకొంటున్నాను. కోపంతోనే వ్రాస్తున్నాను. కోపం వచ్చినంత మాత్రాన క్రమం తప్పనవసరం లేదు.

మా గుడిలో ఒక ఆచారం ఉన్నది. ఏడాది పొడుగునా పాటలకు హార్మోనియం, తబలా తోడుంటాయి. శుభ శుక్రవారంనాడు మాత్రం ఆ రెండింటి మీదా తెల్లగుడ్డ కప్పుతారు. ఆ మధ్యాహ్నం ప్రభువు సిలువ మీద పలికిన ఏడు మాటలను ఒక్కొక్కరు ఒక్కొక్కటి తీసుకొని ధ్యానిస్తూ ప్రసంగిస్తారు. ప్రతి మాట తరువాత ఒక కీర్తన. ఆ కీర్తనలకు వయొలిన్లు తప్ప మరే వాద్యమూ ఉండకూడదు. వాయించేవారు ప్రభువు బల్లకు కుడివైపున చాప పరచుకొని నేల మీద కూర్చుంటారు. మా నాన్నగారి కాలం నుంచి ఆ చాప మీద ముగ్గురు. ఒకరు పాట వరుసను వాయిస్తారు, ఒకరు అదే వరుసను కింది స్థాయిలో వాయిస్తారు, మూడవవారు నిలకడగా ఆధార స్వరాలు పట్టుకొంటారు. మూడు వయొలిన్లు, సంఘం గొంతు తప్ప వేరే శబ్దం లేని ఆ మధ్యాహ్నాన్ని ఎరిగినవారికి నేను వర్ణించనక్కరలేదు. ఎరుగనివారికి వర్ణించినా ప్రయోజనం లేదు.

పాట వరుస నాది. నేను సంగీత కళాశాలలో డిప్లొమా పొందినవాణ్ణి. ఉద్యోగం మాత్రం గణితం బోధించడం. ఆధార స్వరాలు వాయించే ఆయన కె. కోటపాడు నుంచి వచ్చేవారు. ఆయన ప్రభువునందు నిద్రించారు. కింది స్థాయి వరుస మా బావది. బావ అంటే నా భార్యకు అన్న. బెల్లం మార్కెట్లో ఒక షావుకారు దగ్గర జీవితమంతా గుమస్తాగా పనిచేశాడు. సంగీతం ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. తండ్రి పక్కన కూర్చొని పట్టుకొన్నాడు. రాగం పేరు అడిగితే చెప్పలేడు, కాని ఆ రాగంలో లేని స్వరం ఆయన చేత పలికించడం ఎవరి వల్లా కాదు.

బావకు పక్షవాతం వచ్చింది. కుడివైపు పడిపోయింది. వైద్యం జరిగి నడక వచ్చింది, మాట వచ్చింది, చేయి కూడా వచ్చింది గాని కమాను పట్టుకొంటే వణుకుతుంది. ఎడమచేతి వేళ్ళు ఎప్పటిలాగే తీగ మీద పడవలసిన చోటనే పడతాయి. కమాను కొసదాకా వెళ్ళి వెనుకకు తిరిగే క్షణంలో మాత్రం స్వరం ఒక్కసారి అదిరిపోతుంది. ఒక కీర్తన పూర్తిగా వాయిస్తే భుజం పనిచేయదు.

ఈ సంగతి తెలియగానే మా సంఘ కమిటీకి చురుకు పుట్టింది. కార్యదర్శి షామియానాలు, మైకుసెట్టు అద్దెకిచ్చే వ్యాపారి. చాప మీద ఇద్దరు ముసలివాళ్ళు కూర్చొని అవస్థపడడమెందుకు, కీబోర్డు పెట్టేద్దాం అన్నాడు. వయొలిన్లే ఉండాలన్నది ఆచారం కదా అని నేనంటే, ఆయన ఇచ్చిన జవాబు ఇది: "కీబోర్డులోనూ వయొలినుంది మాస్టారూ. ఒక్క బొత్తాం నొక్కితే యాభైమంది కూకుని వాయించినట్టుంటాది." మిగిలిన సభ్యులు తలలూపారు. పాస్టరుగారు ఆలోచిద్దామన్నారు. ఆలోచిద్దాం అంటే ఏమిటో చిరకాలం కమిటీలలో కూర్చొన్న నాకు తెలుసు.

ఆ సాయంత్రం బావ ఇంటికి వెళ్ళి చెప్పాను. ఆయన తన కుడిచేతిని ఎడమచేతితో పట్టుకొని ఇలా అన్నాడు: "ఏడాదంతా బెంచీ మీదే కూకుంటాను బావ. ఆ ఒక్కరోజు మాత్రం చాప మీదినించి లేపీకండి." జీవితంలో నన్ను ఏమీ అడగని మనిషి.

బావ ఆ చాప మీద ఉండాలి, ఆయన వరుస వినిపించాలి, భుజం మీద భారం పడకూడదు. దీనిని లెక్కలాగా ముందు పెట్టుకొని సాధించడానికి కూర్చొన్నాను. వాద్యానికి, మైకుకు మధ్యన పెట్టే చిన్న పెట్టెలు ఉంటాయనీ, వాటిని పెడల్స్ అంటారనీ చదివి తెలుసుకొన్నాను. వాటిలో మాకు పనికివచ్చేవి రెండు రకాలు. ఒకటి డిలే పెడల్. మనం వాయించిన స్వరాన్ని అది కొంచెం ఆలస్యంగా తిరిగి పలుకుతుంది. పలికిన కొద్దీ మెల్లగా తగ్గి మాయమవుతుంది. మనవాళ్ళ భాషలో ఎకో. రెండవది లూప్ పెడల్. దానిని ఒకసారి నొక్కితే మన వాయింపును పట్టుకోవడం మొదలుపెడుతుంది. మళ్ళీ నొక్కితే అక్కడికి తెంచి, ఆ ముక్కనే మొదటి నుంచి చివరి వరకు, అయిపోగానే మళ్ళీ మొదటి నుంచి, ఆపేదాకా తిప్పుతూ ఉంటుంది. దాని మీద ఇంకొక వరుస వేసుకోవచ్చు, ఆ పైన మరొకటి. బావ ఒక్క చరణం వాయిస్తే చాలు, మిగిలిన కీర్తన అంతా ఆయన వరుస నిలిచి ఉంటుంది. తరువాత ఆధార స్వరాలూ ఆయనే వేయవచ్చు. చాప మీద ఖాళీ అయిన మూడవ స్థానం కూడా నిండుతుంది. నాకు కావలసినది లూప్ పెడల్ అని నిశ్చయించుకొన్నాను.

ఎంపికలో నేను ఏదీ ఊహకు వదిలిపెట్టలేదు. మా సంఘం పాట నడక ఎవరి అదుపులోనూ ఉండదు. ప్రతి పాదం చివర సాగదీస్తారు. కనుక తాళంతో నడిచే లూపు పనికిరాదు, తాళం లేని నిలుపు స్వరాలే పట్టించాలి. ఆపడానికి వేరే స్విచ్చు ఉన్న పెడలే కావాలి. ఒకే స్విచ్చును వెంటవెంటనే రెండుసార్లు నొక్కి ఆపడం నావంటివాడికి కుదరదు. ఇంకొక చిక్కు కూడా ఉన్నది. ఈ పెట్టెలు నిలబడి వాయించేవారు కాలితో తొక్కడానికి చేసినవి. మేము నేల మీద కూర్చొని, కుడికాలు చాచి, వయొలిన్ తలను మడమ దగ్గర ఆనించుకొని వాయించేవాళ్ళం. మాకు ఖాళీ కాలు ఎక్కడిది? ఎడమ మోకాలి కింద పెట్టుకొని నొక్కవచ్చునని, ఒక సబ్బుపెట్టెతో వారంపాటు సాధన చేసి తెలుసుకొన్నాను. నా భార్య చూసి, సబ్బు అరిగిపోతుందేమో చూసుకోండి అన్నది.

కమిటీ చివరకు నా పట్టు మీద ఒప్పుకొన్నది. కార్యదర్శి మైకు సామాను కోసం విశాఖపట్నం వెళుతున్నాడు కనుక కొనే పని ఆయనకే అప్పగించారు. ఆయనకు కూర్చోబెట్టి చెప్పాను. తిరిగి నాకు చెప్పమన్నాను. చక్కగా అప్పజెప్పాడు. వెళ్ళి డిలే పెడల్ కొనుక్కొని వచ్చాడు.

ఇది మరెక్కడా జరగదు. మా ఊళ్ళో తప్పకుండా జరుగుతుంది. మా ప్రాంతంలో ఎకో లేని మైకును మైకు అనరు. పెళ్ళి, జాతర, సువార్త కూటం, ఎన్నికల సభ, దేనికైనా సరే మైకుసెట్టు మనిషి మొదట చేసే పని ఎకో బొత్తాన్ని చివరికంటా తిప్పడం. వక్త ఒక మాట అంటే అది నాలుగు మాటలై వెళ్ళి గోడకు కొట్టుకోవాలి. అర్థం కాకపోయినా ఫరవాలేదు, గంభీరంగా ఉన్నదని తృప్తి. చనిపోయినవారి సమాధి కార్యక్రమం ఎన్ని గంటలకో ఆటోలో మైకు పెట్టి చెబితే, ఆ ఎకోలో గంట వినిపించక నేను రెండు సమాధులకు ఆలస్యంగా వెళ్ళాను. ఈ రోగంలో పుట్టి పెరిగి, దానినే వ్యాపారం చేసుకొన్న మనిషిని పెడల్స్ దుకాణానికి పంపితే ఏమవుతుంది?

కార్యదర్శికి సిగ్గు లేదు. పైగా నాకు ఉపకారం చేసినట్టు మాట్లాడాడు. "కొట్లో రెండూ వాయించి సూపించేడండి. మీరు సెప్పింది ఉత్తి టేపురికార్డరు మాస్టారూ, పాడిందే పాడతాది. ఇది సూడండి, ఒక్క ముక్క అంటే పది ముక్కలవుతాది. సినిమాహాల్లో ఉన్నట్టుంటాది."

"నేను సినిమాహాలు అడిగానా?" అన్నాను.

"మీరు అడగరు లెండి," అన్నాడు. కమిటీ నవ్వింది. పెట్టె బాగుందని అందరూ చేతులతో తిప్పి చూశారు. దానిని మార్చి తెమ్మని తీర్మానించేవాడు ఒక్కడూ లేకపోయాడు.

మరునాడు ఉదయమే బయలుదేరి, నేనే విశాఖపట్నం వెళ్ళి, నా సొంత సొమ్ముతో లూప్ పెడల్ కొని తెచ్చాను. ఆ మధ్యాహ్నమే బావను మా ఇంటికి పిలిపించి ముందుగదిలో చాప పరిచాను. వయొలిన్‌కు చిన్న మైకు తగిలించి, దాని తీగను పెట్టెకు కలిపి, పెట్టెను నా మోకాలి కింద ఉంచుకొన్నాను. బావ ఒక చరణాన్ని తాళం లేకుండా నిలుపు స్వరాలుగా వాయించాడు. నేను సరిగ్గా మొదట్లో నొక్కి, సరిగ్గా చివర నొక్కాను. స్పీకరులో ఆయన వరుస తిరగడం మొదలయింది. నా లెక్క కుదిరింది.

బావ కమాను దించి వింటున్నాడు. కమాను తిరిగిన చోట స్వరం అదిరింది. చరణం ముగిసి మళ్ళీ మొదలయింది. అదే చోట అలాగే అదిరింది. మళ్ళీ అంతే. ఎక్కిళ్ళు వచ్చినట్టు, ప్రతి తిప్పులోనూ ఆ అదురు వేళకు వచ్చి నిలబడుతున్నది. ఇంకొకసారి వాయించమన్నాను. వాయించాడు. ఈసారి రెండుచోట్ల అదిరింది. చెరిపి మరొకసారి అన్నాను. ఆ తరువాత కూడా అన్నాను. బావ వయొలిన్‌ను ఒడిలో పెట్టుకొన్నాడు.

"ఒకపాలి తప్పితే పోతాది బావ. జనం మర్సిపోతారు, దేవుడు మర్సిపోతాడు, నానూ మర్సిపోతాను. ఇది మర్సిపోనివ్వదు."

సాధన చేస్తే కుదురుతుందన్నాను. ఆయన వయొలిన్‌ను పెట్టెలో సర్దుకొని, మెట్లు దిగి వెళ్ళిపోయాడు. నాకు విపరీతమైన కోపం వచ్చింది. ఎవరికోసం ఇదంతా చేస్తున్నాను? ఈ సంగతి ఆయన ముందే చెప్పి ఉండవలసింది. చేయి ఆయనది, చెవి ఆయనది. వినక ముందు ఎలా చెబుతాడని నా భార్య అడిగింది. అది ఆమె ప్రశ్న. తన అన్నను వెనకేసుకొని రావడం ఆమెకు అలవాటు. ఆ వారమంతా నేను ఆయన ఇంటివైపు వెళ్ళలేదు.

ఆదివారం ఆరాధన ముగిశాక, కమిటీ గదిలో పడి ఉన్న డిలే పెడల్‌ను పాస్టరుగారిని అడిగి ఇంటికి తెచ్చుకొన్నాను. అది ఎందుకు పనికిరాదో సహేతుకంగా నిరూపించి కమిటీ ముందు పెట్టాలన్నదే నా ఉద్దేశం. దానికి చేత్తో తిప్పే మరలు మూడు. మొదటిది ప్రతిధ్వని ఎంత ఆలస్యంగా రావాలో నిర్ణయిస్తుంది. మూడవది ప్రతిధ్వని ఎంత బిగ్గరగా ఉండాలో చెబుతుంది. మధ్యది ప్రమాదకరమైనది: ఎన్నిసార్లు ప్రతిధ్వనించాలో అదే చూస్తుంది. దానిని చివరికంటా తిప్పితే ధ్వని తగ్గడం మానేసి, తనను తానే మింగుకొంటూ పెరిగి, కూతగా మారుతుంది. ఆ మరను సగానికి లోపలే ఉంచి, ఆలస్యాన్ని కొంచెం పెంచి, నేను కావాలని కమానును వణికిస్తూ ఒక దీర్ఘస్వరం వాయించాను. వణికిన చోట వెనుకటి స్వరం ఇంకా నిలిచి ఉండడం వల్ల అదురు దానిలో కలిసిపోయింది. వినిపించలేదని కాదు, నీళ్ళలో పడిన గీతలాగా వెంటనే కలిసిపోయింది. పైగా కమానును ఎత్తి భుజానికి విశ్రాంతి ఇచ్చినా స్వరం కొంతసేపు నిలుస్తున్నది.

నేను నిరూపించదలచినది తలకిందులయింది. కార్యదర్శి తెచ్చిన పెట్టే సరైన పెట్టె. తెచ్చిన కారణం మాత్రం నూటికి నూరుపాళ్ళూ మూర్ఖమైనది. లెక్క తప్పుచేసి జవాబు సరిగా వ్రాసిన విద్యార్థికి నేను ఏనాడూ మార్కులు వేయలేదు. ఈయనకూ వేయను.

ఆ సాయంత్రమే పెట్టెను సంచిలో వేసుకొని బావ ఇంటికి వెళ్ళాను. ఆయన గుమ్మంలోనే, "మళ్ళీ ఏటి తెచ్చేవు?" అన్నాడు. వాయించి చూడమన్నాను. వాయించాడు. రెండు పాదాలు అయ్యాక కమాను ఎత్తి, స్వరం తగ్గిపోయేదాకా తల వంచి విన్నాడు. "ఇది ఫరవాలేదు. మర్సిపోతాంది," అన్నాడు.

మరలు ఎవరూ కదపకుండా ఉండాలి కదా. ఏటికొప్పాకలో బొమ్మలు చేసేచోట కొలతలిచ్చి, ఆ మూడు మరల మీదా సరిగ్గా బోర్లా పడేటట్టు ఒక లక్క పూసిన మూత చేయించాను. ఎర్రగా, చూడడానికి కుంకుమ భరిణెలాగా వచ్చింది. నాకు నల్లది కావలసింది. అయినా పని బాగున్నది.

శుభ శుక్రవారం వచ్చింది. హార్మోనియం మీద, తబలా మీద గుడ్డలు కప్పారు. చాప మీద బావ, నేను. పెట్టె మా ఇద్దరి మధ్య, నా ఎడమ మోకాలి పక్కన, మూత కింద. మొదటి మూడు కీర్తనలు ఎలా సాగాలో అలాగే సాగాయి. బావ వరుస వెడల్పుగా, నెమ్మదిగా కింద పరుచుకొన్నది. ఆయన కమాను ఎత్తినప్పుడల్లా భుజం సర్దుకొంటున్నాడు. నాలుగవ మాట అయింది, కీర్తన ఎత్తుకొన్నాం. అప్పుడు కార్యదర్శి మైకుసెట్టు దగ్గర నుంచి లేచి, నడుము వంచుకొని, గొప్ప బాధ్యతతో మావైపు వచ్చాడు. నేను కళ్ళతో వద్దన్నాను. ఆయన ఆ మూత ఎత్తి పక్కన పెట్టాడు. "ఎనకాల ఎకో సాల్లేదండి," అని నా చెవిలో చెప్పి, మధ్య మరను చివరికంటా తిప్పాడు.

రెండు క్షణాలు బాగానే ఉన్నది. తరువాత బావ స్వరం స్వరం మీద పడి, లావెక్కి, గొంతు మారి, కూతగా లేచింది. సంఘం పాట ఆగిపోయింది. పసిబిడ్డలు ఏడ్చారు. కార్యదర్శి మరను వెనుకకు తిప్పడానికి బదులు బిత్తరపోయి నిలబడ్డాడు. నేను కమాను వదిలేసి, అరచేతితో పెడల్ మీద గట్టిగా కొట్టాను. పెట్టె ఆగింది.

ఇక్కడ ప్రతి ఒక్కరూ శ్రద్ధగా చదవాలి. పెట్టె ఆగింది. నేను వాయించడం లేదు, నా కమాను నేల మీద ఉన్నది. సంఘం పాడడం లేదు. అయినా గుడిలో వయొలిన్ వినిపిస్తున్నది. బావ ఆపలేదు. ఏ ఆచ్ఛాదనా లేకుండా, కమాను తిరిగే ప్రతిచోటా అదురుతూ, కీర్తనలో ఉన్న పాదాన్ని ఉన్నచోటి నుంచే వాయించుకొంటూ వెళ్ళాడు. అదిరిన చోట ఆయన ముఖం ముడుచుకొంటున్నది, వేళ్ళు మాత్రం తడబడలేదు. ఆ పాదం చివర స్త్రీల వైపు నుంచి ఎవరో ఒకామె పాట అందుకొన్నది. తరువాత అందరూ అందుకొన్నారు. నేను కమాను తీసుకొన్నాను.

కీర్తన అయ్యాక, మరను యథాస్థానానికి తిప్పి పెట్టెను మళ్ళీ నొక్కబోతే, బావ తల అడ్డంగా ఊపాడు. మిగిలిన మూడు కీర్తనలకూ పెట్టె లేదు. ఆయన పల్లవులు వాయించాడు, చరణాల్లో భుజం దించుకొన్నాడు, చరణాలు నేను పట్టాను. అప్పటికప్పుడు మేమిద్దరం ఒక్క మాటయినా అనుకోకుండా చేసుకొన్న ఏర్పాటు అది.

ఆరాధన తరువాత కార్యదర్శి వరండాలో నన్ను ఆపి అడిగాడు: "మద్దిలో కట్టేసేరేటి మాస్టారూ? జనానికి అప్పుడే పట్టుకుంటాంది." నేను ఏమన్నానో ఇక్కడ వ్రాయను; గుడి ఆవరణలో అనవలసిన మాట కాదు. బావ మాత్రం రిక్షా ఎక్కేటప్పుడు నవ్వాడు. "ఆ కూతకి రైలు గుళ్ళోకి వచ్చేసిందనుకున్నాను బావ. దిగిపోదామంటే కమాను ఆగలేదు," అన్నాడు.

ఈస్టరు నాటికే కథ మారింది. కమిటీ ముందుచూపుతో గొప్ప యంత్రం తెప్పించిందట. పక్షవాతం వచ్చిన మనిషి ఊరికే కమాను ఆడిస్తూ కూర్చుంటే, యంత్రమే అంతా వాయించిందట. కూత వచ్చినది కూడా యంత్రం గొప్పతనమేనని చెప్పేవారిని విన్నాను. ఈ మాటలు తిరిగి తిరిగి బెల్లం మార్కెట్ మీదుగా బావ చెవిన పడ్డాయి. ఆయన నాతో వాదించలేదు. "పెట్టే వాయించిందన్నప్పుడు మళ్ళీ ఏడాది పెట్టినే కూకోబెట్టండి. నాను రాను," అన్నాడు. అన్నప్పటి నుంచి వయొలిన్ బయటికి తీయలేదు.

ఎన్ని విధాల చెప్పినా ఆయన మనసు మారలేదు. మా సంఘంవారికి నాదొక్కటే మాట. ఆ రోజు నాలుగవ మాట నుంచి చివరి వరకు మీ చెవుల్లో పడిన ఆ కింది వరుస, వణికిన ఆ వరుస, ఏ పెట్టెలోంచీ రాలేదు. మీరు విన్నారు. విన్నామని ఆ ఇంటికి వెళ్ళి చెప్పండి. నేను చెబితే ఆయన నమ్మడు, నేను చుట్టాన్ని. మీలో పదిమంది వెళ్ళి గుమ్మంలో నిలబడితే నమ్మవచ్చు. కార్యదర్శి కోరిన కీబోర్డు గురించి మనం ఆ తరువాత కమిటీలో మాట్లాడుకోవచ్చు. అందుకు నేను సిద్ధంగా ఉన్నాను.

ఇందులో తప్పులు ఉండవచ్చు. పెడల్స్ గురించి నేను చదివి తెలుసుకొన్నవాణ్ణి, దానిలో పుట్టి పెరిగినవాణ్ణి కాను. మరల పని గురించి నేను వ్రాసినదానిలో పొరపాటు కనిపిస్తే తెలిసినవారు దిద్దగలరు. కూత లేచినది నాలుగవ మాట తరువాతనా, ఐదవదాని తరువాతనా అన్న విషయంలో నాకూ నా భార్యకూ భేదం ఉన్నది. ఆ రోజు ఉన్నవారు గుర్తు చేసుకొని చెప్పాలి. పాట అందుకొన్న ఆమె ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. తెలిసినవారు తెలియజేస్తే ఈ వ్రాతలో ఆ లోపాన్ని కూడా సరిచేస్తాను.